మా నాయన చేతికి మా అమ్మ గాజులు

నా చిన్నతనంలో మా తండా ఆడవాళ్ల చేతులు ఎవరికీ కనబడేవి కావు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మణికట్టు నుంచి మోచేతి దాకా కొన్ని గాజులు, మోచేతి పైనుంచి చంక దాకా మరికొన్ని, తెల్లగా, వెడల్పుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండేవి. మానుకోట సంతలో మా అమ్మ చెయ్యి వదిలేస్తే నేను ఆ చప్పుడు పట్టుకునే వెతుక్కునేదాన్ని. కింది గాజులు పిల్లలకూ ఉంటాయి. పైచేతి గాజుల సంగతి వేరు. వాటిని పెళ్లినాడు మొగుడి పేరు మీద తొడుగుతారు, మొగుడు పోయిననాడు తీస్తారు. మధ్యలో తీయడమన్న మాటే లేదు. నాట్లు వేస్తున్నా, కాన్పు అవుతున్నా, జ్వరంతో మూలుగుతున్నా అవి చేతికి ఉండాల్సిందే.

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, మొన్న చలికాలంలో జనగామలో మా డాక్టరు గారు కాలం చేశారు. వాళ్ల క్రైస్తవ గుడి ఆవరణలో సంతాప సభ పెట్టారు. కత్తి పట్టిన చెయ్యి ఎంత గొప్పదో పెద్దపెద్దవాళ్లు వచ్చి చెప్పారు. నన్నూ మాట్లాడమన్నారు. పంతులమ్మగా ఇన్నేళ్లు పిల్లల ముందు గొంతు చించుకున్నదాన్ని, తీరా మైకు ముందుకు పోయేసరికి నోరు పెగల్లేదు. ముక్కు తుడుచుకుని దిగొచ్చేశాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఆయనది గుంటూరు వైపు. పెళ్లైన కొత్తలో భార్యను వెంటబెట్టుకుని జనగామలో ఓ చిన్న మిషన్ దవాఖానకు వచ్చారు. ఇప్పుడా దవాఖానా లేదు, ఆ పెంకుల వరండా కూడా లేదు. ఆయన మాత్రం ఇక్కడే ఉండిపోయారు. పొద్దున్నే గుడిలో పూజకు పోకుండా దవాఖాన మెట్టెక్కేవారు కారు. కత్తి పట్టేముందు నుదుటినీ రొమ్మునూ భుజాలనూ తాకి సిలువ గుర్తు వేసుకునేవారు. అంత భక్తి ఉన్న మనిషి, మా దేవుళ్ల గురించి ఒక్క తక్కువ మాట అనగా మేము వినలేదు. ఆదివారాలు గుడికి పోయేముందు తన ఆడపిల్లలకు జడలు ఆయనే వేసేవారు. కడుపు కోసి కుట్టే చేతులు గదా, ఒక్క జడ కూడా తిన్నగా వచ్చేది కాదు. పిల్లలు ఏడ్చేవారు, భార్య మళ్లీ విప్పి అల్లేది, ఆయన మళ్లీ వచ్చే ఆదివారం దువ్వెన పట్టుకుని తయారు.

ఇక అసలు సంగతి. నేను బడిలో అక్షరాలు దిద్దే వయసులో మా అమ్మకు కడుపునొప్పి వచ్చింది. అమ్మను మేము ఇంట్లో యాడి అంటాం. అంతటి కష్టజీవి మంచం మీద ముడుచుకుపోయింది. కడుపు ఉబ్బింది, నీళ్లు తాగినా వాంతి. తండాలో తెలిసిన వైద్యమంతా అయ్యాక బండి కట్టి మానుకోట తీసుకుపోయారు. అక్కడి డాక్టరు చూసి, తన వల్ల కాదు, జనగామ మిషన్ దవాఖానకు వెంటనే తీసుకుపొమ్మన్నాడు. పొద్దుటి ప్యాసింజరు రైలెక్కాం. అమ్మ, నాయన, నాయనమ్మ, నేను. నన్ను ఇంట్లో వదిలితే ఏడ్చి చస్తానని వెంట తెచ్చారు.

డాక్టరు గారు కడుపు మీద చెయ్యి వేసి చూసి, లోపల పేగు మెలికపడిందని చెప్పారు. ఆ మెలిక ఇవాళే విప్పాలి, ఆలస్యమైతే పేగు చచ్చిపోతుంది, తర్వాత మనిషిని కాపాడలేం అన్నారు. అన్నీ సిద్ధం చెయ్యమని సిస్టరమ్మకు చెప్పి తాను వేరే రోగిని చూడబోయారు. అప్పుడు మొదలైంది మా రామాయణం.

సిస్టరమ్మ అమ్మ చేతులు చూసి, "పైచేతి గాజులు తీయాలమ్మా. బీపీ పట్టీ కట్టేది అక్కడనే. మత్తు ఇచ్చినంక లోపల నెత్తురు ఎట్ల తిరుగుతున్నదో చూసుకుంటనే ఉండాలె" అంది. పాపం, ఆమె చెప్పింది న్యాయమైన మాటే. రెండు చేతుల్లో ఎక్కడా పట్టీ చుట్టే చోటు లేదు.

మా నాయనమ్మ భగ్గుమంది.

"ఏందమ్మా గా మాట? నా కొడుకు నీ ముంగట్నే నిలబడ్డడు గదా! వాడు బతికుండంగ కోడలి గాజులు తీస్తరా? నా కొడుకును సంపుతరా?"

మంచం మీంచి అమ్మ, ఊపిరి అందక అందక, "నేను పోతె పోత. గాజులు ముట్టొద్దు" అంది.

మా నాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయనకు పొడుగాటి మీసాలు, తలకు ఎర్ర రుమాలు. ఆయన దగ్గితే తండాలో కుక్కలు కూడా మొరగడం ఆపేవి. అలాంటి మనిషి చిన్న గొంతుతో, "తియ్యుండ్రి. నాకేమన్న అయితె కానియ్యి" అన్నాడు. ఆయనకూ ఆ నమ్మకం ఉంది మరి. గాజులు తీస్తే తాను పోతాడనే అనుకున్నాడు, అనుకునే ఆ మాట అన్నాడు. ఆ మాటకు అమ్మ వద్దని తల అడ్డంగా ఊపింది. నాయనమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఒక్కదాన్ని కాపాడబోయి ఇద్దర్ని పోగొట్టుకోవాల్నా? ఎత్తుండ్రి, పోదాం" అని తీర్పు చెప్పేసింది. నాయన అమ్మను ఎత్తుకున్నాడు. నేను మూట నెత్తిన పెట్టుకున్నాను. నాకేమీ అర్థం కాలేదు. మందు వేయించుకోకుండానే పోతున్నామని మాత్రం తెలిసింది, అమ్మ కొంగు పట్టుకుని నడిచాను.

వరండా దాటేలోపు డాక్టరు గారు ఎదురొచ్చారు.

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"మా తండకు. మా గాజులు మాకుండనియ్యని దవాఖాన మాకొద్దు" అంది నాయనమ్మ.

అరుస్తారనుకున్నాను. ఆ రోజుల్లో దవాఖానల్లో మాలాంటివాళ్ల మీద అరవడం మామూలే. ఆయన అరవలేదు. అమ్మను అక్కడే బల్ల మీద పడుకోబెట్టించి, తాను నేల మీద నాయనమ్మ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. తెల్లకోటు అంచు దుమ్ములో పడింది.

"అవ్వా, మీ పద్ధతి నాకు తెలవదు. జర చెప్పండి."

గుంటూరాయన నోట 'జర' వినబడేసరికి అంత బాధలోనూ నాయనమ్మ మూతి నవ్వుతో ఓ పక్కకు పోయింది.

"గాజులు తీస్తే ఏమవుతుందని మీ భయం?" అని అడిగారు.

"ఏమైతది? నా కొడుకు పోతడు."

"మామూలుగా తీసేది ఎవరు?"

"మొగుడు పోయినంక ముసలి ఆడోళ్లు తీస్తరు. ఏడ్చుకుంట తీస్తరు."

"మొగుడే తన చేతులతో తీసిన సంగతి ఎప్పుడైనా విన్నారా?"

"గదెట్లయితది? పోయినోడు ఎట్ల తీస్తడు?" అని కసిరింది నాయనమ్మ.

"అదే నేనూ అనేది" అన్నారాయన. "పోయినవాడు తీయలేడు. మీ అబ్బాయి తీస్తాడు. తీసి తానే తొడుక్కుంటాడు. ఆపరేషన్ అయ్యేదాకా ఈ వరండాలో నీ కళ్లెదుటే కూర్చుంటాడు. గాజులు మొగుడి దగ్గరే ఉన్నాయి, మొగుడు నీ ముందే ఉన్నాడు. ఇంక ఎవరు పోయినట్టు?"

నాయనమ్మ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. "మాట మంచిగనే చెప్పినవ్ బిడ్డా. నీదేం పోయింది? పోతె నా కొడుకు పోతడు" అంది.

అప్పుడాయన తన వేలి ఉంగరం తీశారు. "ఇది నా పెళ్లి ఉంగరం. గుడిలో దేవుడి ముందు మా ఆవిడ తొడిగింది. కత్తి పట్టేముందు రోజూ తీస్తాను, కడుక్కుని బయటికి రాగానే పెట్టుకుంటాను. ఇవాళ పెట్టుకోను. నీ దగ్గర ఉంచుకో. నీ కోడలి చేతికి గాజులు ఎక్కిననాడే నాకియ్యి" అని ఆమె అరచేతిలో పెట్టారు.

నాయనమ్మ ఆ ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత దాన్ని కొంగున వేసి గట్టిగా ముడేసి, కొడుకు వైపు చూసి తలూపింది.

సిస్టరమ్మ గిన్నెలో సబ్బునీళ్లు తెచ్చింది. మా నాయన అమ్మ పక్కన కూర్చుని గాజులు, ముందు కిందివి, తర్వాత పైచేతివి, ఒక్కొక్కటే తీశాడు. ఒక్కో గాజు ఊడినప్పుడల్లా అమ్మ కళ్లు తెరిచి నాయన ముఖంలోకి చూసేది, ఉన్నాడా లేడా అని. ఉన్నాడు. మళ్లీ కళ్లు మూసుకునేది. గాజుల కింద చర్మం తెల్లగా, మెత్తగా ఉంది. అమ్మ చెయ్యి అలా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇక తొడుక్కోవడం దగ్గర వచ్చింది తంటా. పెద్దవి కొన్ని సబ్బు జారుకు ఎక్కాయి. చిన్నవి ఆయన బొటనవేలి కీలు దాటితే ఒట్టు! వాటిని తలకున్న ఎర్ర రుమాలు విప్పి అందులోకి గుచ్చి మెడలో వేసుకున్నాడు. అమ్మను లోపలికి తీసుకుపోయారు. తలుపులు మూసేశారు.

మా నాయన వరండాలో కూర్చున్నాడు. మీసాలు, చేతికి తెల్ల గాజులు, మెడలో గాజుల దండ. వచ్చేపోయేవాళ్లంతా ఆగి ఆగి చూశారు. ఒకాయన ఉండబట్టలేక, "ఏందన్నా, గీ యేషమేంది?" అన్నాడు. వేరే రోజైతే మా నాయన అతని దవడ పగలగొట్టేవాడు. "నా పెండ్లాం లోపటున్నది" అన్నాడంతే. అతను పక్కనే కూర్చుని బీడీ ఇచ్చాడు. నాయనమ్మకు కుదురు లేదు. కాసేపటికోసారి వచ్చి కొడుకు చెంప ముట్టుకుని వెచ్చగా ఉందో లేదో చూసి పోయేది.

నడుమ డాక్టరు గారి భార్య వచ్చింది. ఆవరణలోనే వాళ్లిల్లు. నాకు గిన్నెలో పెరుగన్నం కలిపి తెచ్చి, తానే ముద్దలు పెట్టింది. నాయనమ్మ కొంగు ముడి చూసి, "మా ఆయన్ని కొంగున కట్టేసుకున్నావట గదా అవ్వా" అని నవ్వింది. "గట్టిగ ముడేసిన. యాడికి పోడు" అంది నాయనమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్లు నవ్వారు గదా అని నేనూ అన్నం మింగాను.

పొద్దు వాలే వేళకు తలుపు తెరుచుకుంది. డాక్టరు గారు వచ్చారు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. "మెలిక విప్పాం. పేగు బతికే ఉంది. మీ ఆవిడకేం భయం లేదు" అన్నారు.

అమ్మయ్య! ఆ మాటతో పోయిన ప్రాణాలు లేచొచ్చాయి. మా నాయన లేచి దండం పెట్టబోతే గాజులన్నీ ఒక్కసారిగా గలగలమన్నాయి. ఆ చప్పుడు వినగానే ఆయన అక్కడే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. నాయనమ్మ ముందు కొడుకు తల నిమిరింది, తర్వాత డాక్టరు గారి తల నిమిరింది, ఆ తర్వాత కోడల్ని చూస్తానని తలుపు మీద పడింది. నేనైతే ఏడ్చానో నవ్వానో గుర్తులేదు. ఆకలి మాత్రం నకనకలాడుతూ వచ్చింది.

కానీ గాజులు వెంటనే ఎక్కలేదు. సెలైను సూదులకు అమ్మ చేతులు వాచిపోయాయి. వాపు తగ్గేదాకా మా నాయన మెడలోంచి ఆ దండ తీయలేదు. డాక్టరు గారి వేలూ బోసిగానే ఉంది. గుడిలో ఎవరో ఉంగరం ఏదని అడిగితే, "ఓ అవ్వ దగ్గర ఉంది, ఇంకా దయ తలచలేదు" అన్నారట. నాయనమ్మను మేమే బతిమాలాం, ఇచ్చెయ్యరాదా అని. "మాట మాటనే" అంది.

చివరికి ఓ పొద్దున మా నాయన అమ్మ చేతికి గాజులు తొడిగాడు. తన చేత్తో తీసినవి తన చేత్తోనే. అప్పుడు నాయనమ్మ కబురు పెట్టి డాక్టరు గారి భార్యను పిలిపించింది. కొంగు ముడి విప్పి ఉంగరం ఆమెకిచ్చి, "మొదలు తొడిగింది నువ్వే గదా, ఇప్పుడు గూడ నువ్వే తొడుగు" అంది. వార్డులో రోగులంతా లేచి కూర్చున్నారు. ఆమె తొడిగింది. అంత పెద్ద డాక్టరు సిగ్గుతో ఎర్రగా కందిపోయి, ఎటు చూడాలో తెలియక మా అమ్మ నాడి పట్టుకున్నారు.

తర్వాత తర్వాత ఆ వరండాలో గాజుల మొగుళ్లు మామూలైపోయారు. ఏ తండా ఆడమనిషి ఆపరేషన్‌కు వచ్చినా సిస్టరమ్మ అడగకుండానే సబ్బునీళ్ల గిన్నె తెచ్చేది. మా అమ్మ ఆ తర్వాత ఇద్దరు తమ్ముళ్లను కన్నది. నేను చదువుకుని భూపాలపల్లిలో పంతులమ్మనయ్యాను. ఒకసారి కాటారం వైపు అడవి పల్లె నుంచి వచ్చిన ఓ పిల్ల, పరీక్ష గదిలోకి రానంటే రానని గుమ్మం పట్టుకుని వేలాడింది. నా చెయ్యి లేచింది కూడా. ఎందుకో ఆగి, లోపలికొస్తే ఏమవుతుందని నీ భయం అని అడిగాను. తన బల్ల మీద తిరిగే ఫ్యాను ఊగుతోంది, ఊడి నెత్తిన పడుతుందట! బల్ల పక్కకు జరిపాం. చక్కగా కూర్చుని రాసింది.

మొన్న సంతాప సభ అయ్యాక మా అమ్మను తీసుకుని డాక్టరు గారి ఇంటికి వెళ్లాను. మా నాయన పోయి చాలా ఏళ్లైంది. అమ్మ నా దగ్గరే ఉంటోంది, నడుం వంగింది గానీ నోరు వంగలేదు. డాక్టరు గారి భార్య అమ్మను చూడగానే గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పుడే ఓ సంగతి చెప్పింది. ఆ రోజు ఆపరేషన్‌కు ముందు ఆయన నిమిషం పాటు ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారట. "నాకు చాలా భయంగా ఉంది. ఆలస్యమైపోయింది. ఉంగరం కూడా ఆ ముసలమ్మకిచ్చేశాను. పిల్లల్ని కూర్చోబెట్టుకుని ప్రార్థన చెయ్యి" అన్నారట. నేను నోరెళ్లబెట్టాను. ఇన్నేళ్లూ ఆయనకు భయమన్నదే లేదనుకున్నాను.

మా అమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, "గిప్పుడు నీకేం భయమైతున్నదమ్మా?" అని అడిగింది.

వచ్చినవాళ్లంతా ధైర్యం చెప్పి పోయారు గానీ ఈ మాట ఎవరూ అడిగినట్టు లేరు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దేవుడి దగ్గరికే పోయారు, ఆ నమ్మకం ఉంది. కానీ సాయంత్రమైతే భయం. జపమాల చెప్పుకునేటప్పుడు ప్రతి జపంలో ముందు సగం ఆయన అనేవారు, వెనక సగం మేమందరం అనేవాళ్లం. ముందు సగం నా నోట రావట్లేదు. ఆయన పోయినప్పటి నుంచి జపమాల ముట్టలేదు" అంది.

"నువ్వు మొదలువెట్టు. నాకు మీ జపం రాదు గని, పక్కన కూసుంట" అంది మా అమ్మ.

ఆ సాయంత్రం మేము అక్కడే ఉండిపోయాం. ఆమె మొదలుపెట్టింది. మొదటి మాట దగ్గరే ఆగి మళ్లీ ఎత్తుకుంది. అమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది. నెమ్మదిగా మాట సాగింది, కూతుళ్లు వెనక సగం అందుకున్నారు. అయ్యాక ఆమె పెద్దగా నిట్టూర్చి, అందరం భోంచేద్దాం లెండి అంది. కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తమ అమ్మ నోట అన్నం మాట వినడం వాళ్లకు ఆ వారంలో అదే మొదలట.

తెల్లారి భూపాలపల్లికి బయలుదేరాం. కారులో అమ్మ కళ్లు మూసుకుంటే నిద్రపోయిందనుకున్నాను. కళ్లు తెరవకుండానే, "నీకేమన్న భయముందా బిడ్డా?" అంది.

అరవై దాటినదాన్ని. ఆనాడు వరండాలో అందరి భయం గురించీ మాట్లాడుకున్నారు, మూట నెత్తిన పెట్టుకున్న పిల్లను అడగాలని ఎవరికీ తోచలేదు. తర్వాత కూడా ఎవరూ అడగలేదు. "ఉంది. నువ్వు పోతావని భయం. అప్పటి నుంచీ అదే భయం" అన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు.

అమ్మ నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది. "పోనా మరి? ఎప్పుడో ఒకనాడు పోత. గని ఇయ్యాల్ల కాదు. జర యాడన్న ఆపి చాయ తాపియ్యి, గొంతు ఎండుతున్నది" అంది.

స్టేషన్ ఘన్‌పూర్‌లో కారు ఆపించి ఇద్దరం చాయ తాగాం. భయం పోయిందని చెప్పను, అది పోయేది కాదు. కానీ అడిగిన మనిషికి చెప్పుకున్నాను, ఒళ్లంతా తేలికైంది. మా డాక్టరు గారి నుంచి మా ఇంటికి వచ్చింది ఇదే. అమ్మ దగ్గర నాకు అందింది, ఇప్పుడు నా మనవరాలు దేనికైనా మొండికేస్తే నేనూ ముందు కింద కూర్చుంటున్నాను.